మా మూడు రంగుల పిల్లికూన మగదట, లక్ష వస్తుందట. నిజమేనా అండి?

కుట్టుమిషను_తణుకు

అందరికీ నమస్కారం అండి. మాది తణుకు. ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తాను. మా పిల్లి పేరు రంగి. మూడు వారాల కిందట మిషను పక్కన కట్ పీసులు వేసుకునే అట్టపెట్టెలో ఈనింది. నేను చూసేసరికి ఒకావిడ జాకెట్టు లైనింగు గుడ్డ మీద అయిదు కూనలు. ఆ గుడ్డ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను, అది వేరే కథ.

రంగికి వీపు మీద పెద్ద పెద్ద మచ్చలు, ఎరుపూ నలుపూ. ఎరుపంటే ఎర్రావు ఎరుపన్నమాట, బూందీ లడ్డూ రంగు. పొట్ట, కాళ్ళు తెలుపు. కూనల్లో రెండు ఎర్రవి, రెండు నల్లవి, ఒక్కటే తల్లిలాగా మూడు రంగులది. అన్నిటికీ కాళ్ళ దగ్గర కాస్తో కూస్తో తెలుపుంది.

మా తోడికోడలి కొడుకు ఇంటర్ సెకండియర్. ఏదో వీడియో చూసి వచ్చి, "పిన్నీ, మూడు రంగుల పిల్లుల్లో మగది పుట్టనే పుట్టదు, పుడితే లక్షలు" అన్నాడు. వాడే తోకెత్తి చూసి "ఇది మగదే" అని తేల్చేశాడు. దానికి 'లక్ష' అని పేరు కూడా పెట్టేశాడు. ఎక్కడో గ్రూపులో పెట్టినట్టున్నాడు, నిన్న భీమవరం నుంచి ఒకాయన ఫోన్ చేసి ఫొటో పంపండి, అడ్వాన్సు వేస్తానంటున్నారు.

నిజంగా మగది ఉండదా? ఎందుకుండదు? ఇంకో గొడవేంటంటే, తండ్రి రైసుమిల్లు దగ్గర తిరిగే ఎర్ర గండుపిల్లి అని మా అత్తయ్యగారు, కాదు చేపల మార్కెట్ నల్లదని పక్కింటి పిన్నిగారు. రోజూ సాయంత్రం ఇదే పంచాయితీ. అన్నట్టు, రంగి ఎర్ర మచ్చల్లో చారలున్నాయి గానీ నల్ల మచ్చల్లో లేవు. ఇదేం చిత్రమో అది కూడా ఎవరైనా చెప్పండి.


గోదారి_గాలి

అమ్మేయండక్కా, ఆలోచించకండి. పేరు పెట్టిన అబ్బాయికి పది శాతం, సలహా ఇచ్చిన నాకు అయిదు.


రిటైర్డ్_జువాలజీ

అమ్మా, ముందు ఆ భీమవరం ఆయన దగ్గర ఒక్క రూపాయి కూడా పుచ్చుకోకండి. రేపు కూన పెద్దదయ్యాక ఆయన మీ ఇంటి ముందు నిలబడి మోసం చేశారంటాడు. మీ 'లక్ష' ఆడపిల్లే అయ్యుంటుందని నా నమ్మకం.

మూడు వారాల కూనల్ని చూసి ఆడా మగా చెప్పడం తేలిక కాదు. నేనే చాలాసార్లు బోల్తా పడ్డాను. మగకూన వృషణాలు అప్పటికింకా పైకి తెలిసేంత పెరగవు. అందుకని ఇలా చూడండి. పగటి వెలుతురులో కూనని అరచేతిలో బోర్లా పెట్టుకుని తోక మెల్లిగా ఎత్తండి. పైన చుక్కలా ఉండేది మలద్వారం. దాని కింద ఇంకొకటి ఉంటుంది. అది పై చుక్కకి బాగా దగ్గరగా, చిన్న నిలువు గీతలా ఉంటే ఆడది. ఆశ్చర్యార్థకాన్ని తలకిందులు చేస్తే ఎలా ఉంటుందో అలాగ. రెంటికీ మధ్య ఎడం ఉండి, కిందది కూడా గుండ్రటి చుక్కే అయితే మగది. దుఃఖంలో విసర్గ గుర్తు తెచ్చుకోండి. ఒక్కదాన్నే చూస్తే ఏమీ తేలదు, అయిదింటినీ వరసగా పెట్టి పోల్చుకోవాలి. చూసి, ఏ రంగుది ఏదో ఇక్కడ రాయండి. మీ అత్తగారు గెలిచారో పక్కింటావిడ గెలిచారో అప్పుడు చెబుతాను. వేళాకోళం కాదు, కూనల రంగూ లింగమూ తెలిస్తే తండ్రి రంగు చాలావరకు పట్టుకోవచ్చు.

మగది ఎందుకుండదంటారా. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇదే పాఠం చెప్పాను కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

పిల్లికి 38 క్రోమోజోములు, అంటే 19 జతలు. అందులో ఒక జత ఆడా మగా తేల్చేది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు, గండుపిల్లికి ఒక ఎక్స్, ఒక వై. వెంట్రుకని ఎర్రగా మార్చే తేడా ఈ ఎక్స్ మీదే ఉంది. ఆ తేడా ఉన్న ఎక్స్‌ని 'ఎర్ర ఎక్స్' అందాం, లేనిదాన్ని 'నల్ల ఎక్స్' అందాం. గండుపిల్లికి ఉన్నదే ఒక్క ఎక్స్, అది తల్లి ఇచ్చిందే. అందుకని అయితే ఎర్రన, కాకపోతే నలుపు. రెండు రంగులూ ఒకే ఒంటి మీద కనబడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అవి చెరొక రకం కావాలి. అంటే ఆడదై ఉండాలి.

ఇంతవరకు ఆ వీడియోలోనూ చెప్పే ఉంటారు. నాకు ఎప్పుడూ ముచ్చట వేసేది దీని తర్వాతి ముక్క. రెండు రకాల ఎక్స్‌లు ఉన్నంత మాత్రాన మచ్చలెందుకు పడాలి? పాలూ డికాక్షనూ కలిపినట్టు ఒళ్ళంతా ఒకే మధ్య రంగు రావచ్చుగా? రాదు. ఎందుకంటే ఆడ పిండం ఇంకా కొన్ని కణాల ముద్దగా ఉన్నప్పుడే, ప్రతి కణమూ తనలోని రెండు ఎక్స్‌లలో ఒకదానికి తాళం వేసేస్తుంది. ఏ ఎక్స్‌కి అన్నది బొమ్మా బొరుసే. పక్క కణం ఏం చేసిందో దీనికి పట్టదు. అయితే ఒకసారి తాళం పడ్డాక, ఆ కణానికి పుట్టే పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అన్నీ అదే తాళాన్ని మోస్తాయి. రంగి పుట్టకముందు ఎప్పుడో నల్ల ఎక్స్‌కి తాళం వేసుకున్న ఒక కణం సంతానమే ఇవాళ దాని వీపు మీద ఎర్ర మచ్చ. పక్కనున్న నల్ల మచ్చ ఎర్ర ఎక్స్‌కి తాళం వేసిన ఇంకో కణం వంశం.

ఈ సంగతి 1961లో చెప్పినావిడ మేరీ లయన్. ఇంగ్లండులో హార్వెల్ అనే చోట చుంచెలుకల బొచ్చు రంగులు చూసి చెప్పింది. దానికి ముందే 1949లో కెనడాలో మర్రే బార్, ఆయన దగ్గర పనిచేసే బెర్‌ట్రామ్ కలిసి పిల్లుల నాడీకణాలు చూస్తుంటే, ఆడపిల్లుల కణాల్లో ఒక నల్లటి చుక్క కనబడింది, మగవాటిలో లేదు. తాళం పడ్డ ఎక్స్ ముడుచుకుపోయి అలా కనబడుతుందని తర్వాత తెలిసింది. అదే బార్ బాడీ. మా పిల్లలు దీన్ని రెండు మార్కుల ప్రశ్న కింద బట్టీ పట్టేవాళ్ళు. మొట్టమొదట కనబడింది పిల్లిలోనని వాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చారల సంగతి. పిల్లి ఏ రంగుదైనా దాని చర్మంలో చారల పటం ఒకటి ఉంటుంది. నల్లపిల్లిలో వేరే జన్యువు ఒకటి ఆ చారల మధ్య ఖాళీలని కూడా నలుపుతో పూసేస్తుంది. ఎరుపు దగ్గర ఆ పూత పనిచేయదు. అందుకే ఎర్రపిల్లి ఎక్కడ చూసినా చారలతోనే ఉంటుంది. మీ నల్ల కూనల్ని ఓసారి ఎండలోకి తీసుకెళ్ళి చూడండి, లీలగా చారలు కనబడినా కనబడొచ్చు.


కుట్టుమిషను_తణుకు

మాస్టారూ, చూశానండి. గుమ్మం దగ్గర తువ్వాలు పరిచి అయిదింటినీ వరసగా పెట్టాం. ఒకదాన్ని చూస్తుంటే ఇంకోటి పాక్కుంటూ గడప దాకా పోతుంది. మా వాడు తెలుగు వాచకం తెచ్చుకుని పక్కన పెట్టుకున్నాడు, విసర్గ చూడ్డానికి.

లక్ష ఆడదే! తలకిందుల ఆశ్చర్యార్థకం. మా వాడి మొహం చూడాలి మీరు. ఎర్రవాటిలో ఒకటి మగ, ఒకటి ఆడ. నల్లవాటిలో కూడా ఒకటి మగ, ఒకటి ఆడ. నల్లవాటి మీద ఎండలో చారలు కనబడ్డాయి, పట్టుచీర నీడలో ఒక రంగు, ఎండలో ఒక రంగు ఉన్నట్టు.

భీమవరం ఆయనకి ఫోన్ చేసి ఆడదని చెప్పేశాను. మాట పూర్తికాకుండానే పెట్టేశారు.

ఇప్పుడు తండ్రి సంగతి చెప్పండి మాస్టారూ. అత్తయ్యగారు పక్కనే కూర్చున్నారు. ఇంకొకటి, మీరు ఎరుపూ నలుపూ చెప్పారు, తెలుపు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. అది ఏ ఎక్స్ మీద ఉంది? ఇంకా ఇంగ్లీషులో దీన్ని కాలికో పిల్లి అంటారని మా వాడన్నాడు. కాలికో అంటే పుస్తకాలకి బైండింగ్ వేసే గుడ్డ కదండీ, పిల్లికి ఆ పేరేంటి?


రిటైర్డ్_జువాలజీ

అత్తగారికి ముందుగా నా నమస్కారాలు చెప్పండి. ఆవిడా గెలిచారు, పక్కింటావిడా గెలిచారు.

మగకూనల్ని పక్కన పెట్టేయండి. వాటి ఎక్స్ తల్లిది, తండ్రిచ్చింది వై. ఎరుపూ నలుపూ విషయంలో తండ్రి గురించి అవి ఏమీ చెప్పలేవు. సాక్ష్యం చెప్పగలిగేవి ఆడకూనలే, ఎందుకంటే తండ్రి ఎక్స్ వాటి దగ్గరే ఉంది. ఎర్ర ఆడకూనని చూడండి. దాని ఒంటి మీద నలుపు లేదంటే రెండు ఎక్స్‌లూ ఎర్రవే. ఒకటి రంగి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. కాబట్టి దాని తండ్రి ఎర్ర గండు. నల్ల ఆడకూనకి రెండూ నల్లవే. దాని తండ్రి ఎర్రది అయ్యే వీలే లేదు. ఇక లక్షకి ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. అది ఇద్దరిలో ఎవరి బిడ్డయినా కావచ్చు.

ఒకే ఈతలో ఇద్దరు తండ్రులు. పిల్లుల్లో ఇది జరిగేదే. రైసుమిల్లుదీ చేపల మార్కెట్‌దీ అవునో కాదో నేను చెప్పలేను, ఒక ఎర్రదీ ఒక ఎర్రది కానిదీ వచ్చి వెళ్ళాయి, అంతవరకే నా సాక్ష్యం. ఒక్క షరతు. ఎర్ర ఆడకూన ఒంట్లో నాలుగు నల్ల వెంట్రుకలు కూడా లేవని, నల్లదాంట్లో ఎర్ర వెంట్రుకలు లేవని ఎండలో మళ్ళీ చూడండి. చెవుల వెనకా, కాలివేళ్ళ మధ్యా, తోక కిందా. బొమ్మా బొరుసు వేసేటప్పుడు ఒక్కోసారి ఒకే వైపు ఎక్కువ పడుతుంది, అలాంటప్పుడు రెండు రంగులున్నా ఒకటే ఉన్నట్టు కనబడుతుంది.

కాలికో మన కోళికోడ్ పేరే అమ్మా. కాలికట్ రేవునుంచి వెళ్ళిన నూలుగుడ్డకి తెల్లవాళ్ళు ఆ పేరు పెట్టారు. అమెరికాలో రంగురంగుల అచ్చు వేసిన నూలుగుడ్డని కాలికో అనడం అలవాటై, ఆ గుడ్డలా ఉన్న పిల్లికీ అదే పేరొచ్చింది. మనకేమో బైండింగ్ దగ్గర ఆగిపోయింది. కట్ పీసుల పెట్టెలో ఈనిన పిల్లికి అంతకంటే తగిన పేరేముంటుంది.

తెలుపు సంగతికి వస్తాను. మీరడిగిన ప్రశ్నే, అక్షరం తేడా లేకుండా, చాలా ఏళ్ళ కిందట నా క్లాసులో ఒక కుర్రాడు అడిగాడు. వెనక బెంచీ. "సార్, తెలుపు ఏ ఎక్స్ మీద ఉంది?" బోర్డు మీద ఎక్స్‌లు గీసి, ఎర్ర సుద్దతోనూ తెల్ల సుద్దతోనూ రంగులు వేసి, నలుపుకి బోర్డునే వదిలేసి, మహా గొప్పగా నిలబడి ఉన్నాను. నాకు జవాబు తెలియలేదు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. మళ్ళీ ఏడాదంతా ఏమీ అడగలేదు.

తెలుపు ఎక్స్ మీద లేదు. అసలు తెలుపు ఒక రంగు కాదు, రంగు చేరకపోవడం. రంగు తయారుచేసే కణాలు చర్మంలో పుట్టవు. పిండం వెన్ను పొడవునా పుట్టి, అక్కడినుంచి రెండు పక్కలకీ కిందికి పాకుతూ పోవాలి, దారిలో సంఖ్య పెంచుకుంటూ. వీపుకి ముందు చేరతాయి, పొట్టకీ పాదాలకీ ఆఖర్న. కిట్ అనే జన్యువులో ఎప్పటిదో ఒక పాత వైరస్ ముక్క వచ్చి ఇరుక్కుంటే ఈ ప్రయాణం సరిగా సాగదు. కణాలు తక్కువ పడతాయి, చివరి ఊళ్ళకి చేరనే చేరవు. చేరని చోటు తెల్లగా మిగిలిపోతుంది. రంగి పొట్టా కాళ్ళూ తెల్లగా ఉండి వీపు రంగులతో ఉండటానికి కారణం ఇదే. వైరస్ ముక్క సంగతి 2014లో తేలింది. అది ఎక్స్ మీద కాదు, మామూలు క్రోమోజోము మీద ఉంది కాబట్టి మగవాటికీ వస్తుంది, మీ మగకూనల తెల్ల కాళ్ళు చూశారుగా.

ఈ తెలుపే మచ్చల సైజునీ మార్చేస్తుంది. తెలుపు అసలు లేని ఎరుపు నలుపు పిల్లుల్ని మీరు చూసే ఉంటారు, మినుములూ కందిపప్పూ కలిసిపోయినట్టు ఒళ్ళంతా గజిబిజిగా ఉంటాయి. అక్కడ బయల్దేరిన కణాలు ఎక్కువ, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. రంగిలాంటి దాంట్లో బయల్దేరినవే కొద్ది. ఒక్కొక్కటీ ఎక్కువ నేల ఆక్రమించుకోవాలి. అందుకని మచ్చలు పెద్దవి, గట్టు వేసిన మడుల్లా విడివిడిగా ఉంటాయి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. నేను పాఠం చెప్పినన్నాళ్ళూ ఎరుపు జన్యువుని 'ఓ' అని పెద్దక్షరంతో రాసేవాణ్ణి. ఎక్స్ మీద ఎక్కడో ఉందని తప్ప అదేమిటో ఎవరికీ తెలియదు. నేను రిటైరై ఎనిమిదేళ్ళయ్యాక, 2024 నవంబరులో, రెండు బృందాలు ఒకేసారి పట్టుకున్నాయి. జపాన్‌లో క్యూషు విశ్వవిద్యాలయంలో హిరోయుకి ససాకి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ బార్ష్ వాళ్ళు. 2025 మే నెలలో కరెంట్ బయాలజీ పత్రికలో అచ్చయింది. జపాన్ బృందం పిల్లుల మీద ప్రేమున్న జనం దగ్గర చందాలు పోగుచేసి చేసిన పని అది. తేలిందేమిటంటే, ఎర్ర ఎక్స్ మీద సుమారు 5,000 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి కత్తిరించినట్టు పోయింది. అది పోయినచోట ఉన్న జన్యువు పేరు ఏఆర్‌హెచ్‌జీఏపీ36. నోరు తిరగదు, వదిలేయండి. మామూలుగా రంగు కణాల్లో అది నోరు మూసుకుని ఉంటుంది. ముక్క పోయాక నోరు తెరుస్తుంది. తెరిచి, నలుపు తయారు చెయ్యమని లోపలికి వెళ్ళే కబురుని దారిలోనే ఆపేస్తుంది. కబురు అందని కణం ఎరుపు చేస్తుంది.

జన్యువు పాడై ఎరుపు రాలేదు. అక్కడ కట్ పీసు ఒకటి పోవడంతో, పనిచేయకూడని చోట జన్యువు పనిచేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆవిడ విని "అయితే?" అంది.


పశువుల_డాక్టర్

మాస్టారు చెప్పింది కరెక్ట్. నా వైపు నుంచి కొంచెం.

ఆడపిల్లికి అండం విడుదలయ్యేది గండు దాటిన తర్వాతే. దాటిన ఒకటి రెండు రోజులకి విడుదలవుతుంది. ఎద నాలుగైదు రోజులుంటుంది, ఈలోపు ఎన్ని గండ్లు వస్తే అన్నిటితోనూ కలుస్తుంది. ఇద్దరు తండ్రులు మాకు వింత కాదు.

మగ మూడు రంగుల పిల్లి ఉంటుంది, ఉండదని కాదు. మూడు వేలల్లో ఒకటి అని సాధారణంగా చెప్పే లెక్క. వాటిలో ఎక్కువ శాతం ఎక్స్ ఎక్స్ వై, అంటే ఒక ఎక్స్ అదనంగా వచ్చి చేరుతుంది. వై ఉంది కాబట్టి మగది, ఎక్స్‌లు రెండున్నాయి కాబట్టి ఒకదానికి తాళం పడుతుంది, మచ్చలు పడతాయి. మనుషుల్లో క్లైన్‌ఫెల్టర్ అంటామే, అదే పద్ధతి. ఇలాంటివి దాదాపు అన్నీ గొడ్డువి, పిల్లలు పుట్టవు. ఇక బ్రీడింగ్ చేసేవాడు లక్షలెందుకిస్తాడు చెప్పండి? నా సర్వీసులో 'మగది డాక్టర్ గారూ' అని మూడు రంగుల కూనని తెచ్చినవాళ్ళు చాలామందే. అన్నీ ఆడవే. ఒక్కదానికి మాత్రం మగ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి, తుడిచి చూస్తే మూడో రంగు మెకానిక్ షెడ్డు గ్రీజు.

అమ్మా, రంగి పాలిస్తోందని ధీమాగా ఉండకండి. పాలిచ్చే పిల్లులు కూడా ఎదకొస్తాయి. కూనలు రెండు నెలలు దాటి అన్నం తింటున్నాక, పాలు ఎండనిచ్చి ఆపరేషన్ చేయించేయండి. మెడికల్ షాపులో దొరికే ఆ గర్భం ఆపే మాత్రలు మాత్రం వద్దు, గర్భసంచిలో చీము పట్టి వచ్చిన పిల్లుల్ని చూసి చెబుతున్నాను.


టెక్సస్_చెల్లి

నేను చదివింది అమెరికాలో, టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో. అక్కడ ఈ పాఠానికి ప్రాణమున్న ఉదాహరణ ఒకటి ఉండేది. ప్రపంచంలో మొదటి క్లోన్ పిల్లి అక్కడే పుట్టింది, 2001 డిసెంబరు 22న. పేరు సీసీ, అంటే కాపీ క్యాట్. ఎవరి కాపీ అంటే రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లిది. ఒకే జన్యువులు, తేడా ఏమీ లేదు. తీరా పుట్టాక చూస్తే సీసీకి గోధుమ నలుపు చారలూ తెలుపూ ఉన్నాయి, ఎరుపు ఒక్క వెంట్రుక లేదు!

మాస్టారు చెప్పిన తాళమే. కాపీ కోసం రెయిన్‌బో నుంచి తీసిన ఒక్క కణంలో ఎర్ర ఎక్స్‌కి అప్పటికే తాళం పడి ఉంది. పిండాన్ని కొత్తగా మొదలుపెట్టినా ఆ తాళం ఊడలేదు. 87 క్లోన్ పిండాలు ప్రయత్నిస్తే నిలిచింది ఇదొక్కటే. చచ్చిపోయిన పెంపుడు పిల్లిని మళ్ళీ అచ్చంగా తెచ్చుకోవచ్చని ఆశపడ్డవాళ్ళకి మొదటి పిల్లితోనే సమాధానం వచ్చేసింది. సీసీ మాత్రం హాయిగా బతికింది, 2006లో పిల్లల్ని కూడా కంది, 2020 మార్చిలో 18 ఏళ్ళు నిండాక పోయింది.

మాస్టారూ, ఒక డౌటు. తాళం మనుషుల్లో ఆడవాళ్ళకి కూడా పడుతుంది కదా? మరి మనకి మచ్చలెందుకు లేవు?


రిటైర్డ్_జువాలజీ

ఉన్నాయమ్మా, కంటికి కనబడవు అంతే. ఒంటి రంగు నిర్ణయించే పెద్ద జన్యువులు మనలో ఎక్స్ మీద లేవు. కానీ ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఒక ఎక్స్ మీద మాత్రమే ఉన్న స్త్రీ రక్తం తీసి చూస్తే, ఎర్రకణాలు రెండు రకాలుంటాయి, ఆ ఎంజైము సరిపడా ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. రక్తంలో ఆవిడ కూడా రంగిలాంటిదే. ఆ ఎంజైము లేని కణాలు మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ మందుకి పగిలిపోతాయి, అందుకే అది ఇచ్చే ముందు ఈ లోపం ఉందేమోనని డాక్టర్లు చూసుకుంటారు.

తణుకు అమ్మకి ఒక కోరిక. ఆపరేషన్‌కి డొక్క దగ్గర బొచ్చు గొరుగుతారు. గొరిగే ముందు ఎరుపూ నలుపూ కలిసే గీత ఎక్కడుందో ఫొటో తీసి పెట్టుకోండి. సయామీస్ పిల్లిని గొరిగితే ఆ చోట చల్లగాలి తగిలి కొత్త బొచ్చు ముదురు రంగులో వస్తుంది, దాని రంగు వేడిని బట్టి మారుతుంది. మీ రంగిది అలా కాదు. ఏమొస్తుందో నేను పుస్తకంలో చదివి చెప్పగలను గానీ, మీరు చూసి చెబితే వినాలని ఉంది.


కుట్టుమిషను_తణుకు

మాస్టారూ, నాలుగు నెలలైంది, మర్చిపోయాననుకున్నారా? వెంట్రుకలు రావాలిగా అండి.

ముందు కూనల సంగతి. ఎర్రవాటి జంటని మా ఆడపడుచు పాలకొల్లు తీసుకెళ్ళింది. నల్ల మగది రైసుమిల్లు గుమస్తాగారింట్లో ఉంది. నల్ల ఆడదాన్ని పక్కింటి పిన్నిగారే ఉంచుకున్నారు, మార్కెట్ గండు కూతురని చెప్పుకుంటారు. మీరు చెప్పినట్టు తోక కిందా వేళ్ళ మధ్యా ఎండలో చూశాం, ఎర్ర వెంట్రుక ఒక్కటీ దొరకలేదు. లక్ష మా దగ్గరే ఉంది. పేరు మార్చడానికి మా వాడు ఒప్పుకోలేదు.

రంగికి ఆపరేషన్ చేయించాం. ఆ ముందు రోజు రాత్రి ఫొటో తీద్దామని చూస్తే కదులుతుంది, మసగ్గా వచ్చింది. ఇక లాభం లేదని టేపు తీశాను. వెన్నెముక మీంచి కిందికి, ఎరుపు ఆగి నలుపు మొదలయ్యే చోటికి రెండుంబావు అంగుళాలు. అక్కడ గీత నిలువుగా దిగి, కొంచెం కింద చంకభాగం తిరిగినట్టు వెనక్కి తిరుగుతుంది. జాకెట్ల కొలతల పుస్తకంలోనే రాసుకున్నాను, 'రంగి, డొక్క, 2¼' అని. పక్క పేజీలో ఒకావిడ చూసి రంగి ఎవరండీ, చిన్నపిల్లా అని అడిగింది.

గొరిగాక అరచెయ్యంత బోడిగా ఉండేది. మొదట నూగు వచ్చింది, ఏ రంగో తెలియలేదు. నెల దాటాక రంగు తేలింది. నిన్న మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నప్పుడు మళ్ళీ టేపు పెట్టాను. రెండుంబావు. చంక తిరిగిన చోటు కూడా అక్కడే ఉంది, మార్కింగ్ చాక్ గీత మీద కత్తిరించినట్టు.